రాజాగాడి దిష్టి

నిన్న మా రాజాగాడికి దిష్టి తీయబోయి ఏం చేసుకున్నానో వినండి. మీరు టీ తాగుతూ వినండి.

ఊరికి ఆ చివరుండే మన శేషయ్య మద్రాసు నుంచి జాతికుక్కను తెప్పించిన దగ్గర్నుంచీ నాకు కుళ్ళే. దాచుకోవడమెందుకు? పర్చూరు బస్సు దిగినవాళ్ళు కూడా నా మిరపకల్లం దాటుకుని పోయి వాడి టైగరును చూసొచ్చేవాళ్ళు. ఉండబట్టలేక నేనూ బెంగుళూరు నుంచి ఓ జాతికుక్కను తెప్పించాను. రాజా అని పేరు పెట్టి, దారినపోయే వాళ్ళందరికీ కనపడేలా కల్లంలో మిరపకాయల రాశి పక్కనే కట్టేశాను. మొన్న సాయంత్రం శేషయ్య ఆగి, "బలే ఉందిరా నీ కుక్క" అన్నాడు. ఆ ఒక్కమాటకే నా కడుపు నిండిపోయింది.

నిన్న పొద్దున చూస్తే రాజాగాడి కళ్ళు ఎర్రగా ఉబ్బి కారుతున్నాయి. ఆగకుండా తుమ్ములు, మూతి నేలకేసి రుద్దుకోవడం. చచ్చిపోతాడేమోనని మా ఆవిడను కేకేశాను. తను ఒక్కమాటలో తేల్చేసింది, శేషయ్య దిష్టేనని. నాకు కావలసిందీ అదే.

గుప్పెడు ఎండుమిరపకాయలు రాజాగాడి చుట్టూ తిప్పి, వాడి ముందే కుంపట్లో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా. నిజంగానే మా ఇద్దరికీ రాలేదు. ఎంత దిష్టో చూడండంటూ ఇంకో గుప్పెడు వేసింది. పాపం రాజాగాడు ఊపిరందక కూలబడ్డాడు.

బండి కట్టించి చీరాల పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు మా దగ్గరికి వచ్చీ రాగానే ఆయనా తుమ్మారు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని సంగతంతా విన్నారు.

"దిష్టీ లేదు, పాడూ లేదు. మిరపకాయల ఘాటయ్యా ఇది. కల్లాల్లో పెరిగిన మీ ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. దాని ముక్కు ఏం పాపం చేసింది?"

కళ్ళు కడిగి మందు వేశారు. కల్లాలు ఎత్తేదాకా మిరపకాయలు లేని ఇంట్లో ఉంచమన్నారు. ఈ రోజుల్లో మన ఊళ్ళో అలాంటి ఇల్లెక్కడుంది? పత్తి తప్ప ఇంకోటి వేయని శేషయ్యది ఒక్కటే. నిన్న సాయంత్రం నేనే వెళ్ళి గొలుసు వాడి చేతికిచ్చాను. దానికేంరా, మా టైగరుకి తోడుంటుంది అన్నాడు.

ఇవాళ పొద్దున రెండింటినీ చెరోపక్క నడిపించుకుంటూ కాలువగట్టు మీద పోతున్నాడు. ఊరంతా నిలబడి చూస్తోంది. రాజాగాడు నావంక తిరిగైనా చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను, "ఆ రెండు కుక్కలకూ దిష్టి తీయమని శేషయ్యకు కబురు పంపవే. ఈసారి పెట్టింది నేను."