నాడె వెంట చూపు

వానలకు నానిన గోడ కూలినప్పుడు నేను మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోనే ఉన్నాను. ఛాతీ దాకా మట్టి, నోటి నిండా మట్టి. జనం వచ్చి లాగేదాకా అరవడానికి కూడా ఊపిరి అందలేదు. ఎముకలు విరగలేదు కాబట్టి నాకేమీ కాలేదని అందరూ తేల్చేశారు.

ఏమీ కాకపోతే, ఆ తర్వాత గుంటలో కాలు పెట్టగానే నాకు ఊపిరి ఎందుకు ఆడేది కాదు? గోడ మళ్లీ కట్టారు, మగ్గం మళ్లీ నిలబెట్టారు. నేను మాత్రం పక్కన నిలబడి చెమటలు పట్టి వణికేదాన్ని. అత్తమ్మ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. "ఇగ గా ముచ్చట తియ్యకు. తియ్యకుంటె అదే పోతది" అంది. నేను తియ్యలేదు, అదీ పోలేదు. చివరికి నా భర్త మగ్గం అమ్మేద్దామన్నాడు. ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి నారాయణపేట చీరలు నేసినదాన్ని. వేరే పని నాకు రాదు, వచ్చినా చేయను.

మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ ఇలాంటి భయాలకు కొత్త వైద్యం నేర్చుకుని వచ్చిందని విని, ఇంట్లో చెప్పకుండా బస్సెక్కాను. మొదట్లో ఆమె ఊరికే మాట్లాడించింది. తర్వాత ఎదురుగా కూర్చుని రెండు వేళ్లు చూపించి, గోడ కూలిన క్షణాన్ని మనసులో పెట్టుకుని, తల తిప్పకుండా వేళ్ల వెంట చూడమంది. వేళ్లు ఇటూ అటూ పోతున్నాయి. నా చూపు మాత్రం మధ్యలోనే పాతుకుపోయింది.

"చూపు కదలట్లేదేంటమ్మా, భయంగా ఉందా?"

"భయం గాదమ్మా. మగ్గం మీద పోగు మోసె నాడె గిట్లనే అటు ఇటు ఉరుకుతది. దాని ఎంబడి చూస్తె చెయ్యి తప్పుతది. నేత పడే కాడనే చూడాలని మా బాపు నేర్పిండు."

నాన్న ఊరికే నేర్పలేదు. నాడె వెంట చూపు పోయినప్పుడల్లా నెత్తిన మొట్టికాయ పడేది. ఆ మాటా చెప్పాను. డాక్టరమ్మ నవ్వి, "ఇక్కడ మొట్టికాయలు లేవు, చూడండి" అంది.

చూశాను. బాపు మాటను కావాలనే కాదన్నాను. వేళ్లు కదులుతుంటే తడి మట్టి వాసన వచ్చింది. సిగ్గు విడిచి ఏడ్చాను. ఆమె ఆగి, ఊపిరి పీల్చుకోమని, ఇప్పుడేం తోస్తోందని అడిగి, మళ్లీ మొదలుపెట్టేది. చాలాసార్లు వెళ్లాను. గోడ కూలడం మరిచిపోలేదు. కానీ అది ఎప్పుడో జరిగిపోయినదిగా మారింది.

సంగతి అత్తమ్మకు తెలిసింది. "వేళ్లు ఊపితె జడుపు పోతదా? పిచ్చిదనుకుంటరు" అంది.

"అనుకోనియ్యి అత్తమ్మా. నువ్వు తాయెత్తు కడితె నేను నవ్విన్నా?"

మగ్గం కొనేవాళ్లు వచ్చిన రోజు వాన పడుతోంది. నా భర్త వాళ్లను లోపలికి తీసుకొచ్చేసరికి నేను గుంటలో కూర్చుని నేస్తున్నాను.

"జర లెవ్వు, మగ్గం చూస్తరట."

"చూడమను. నేను లేవ."

నేస్తున్న మగ్గాన్ని ఎట్ల కొంటమంటూ వాళ్లు వెళ్లిపోయారు. ఆయన మాత్రం గుమ్మంలోనే ఉండిపోయాడు. కోప్పడతాడనుకున్నాను.

"భయమైతలేదా?" అన్నాడు మెల్లగా.

"అయితాంది. అయితె ఏంది, నేస్తున్న గద."