పక్క సీటు బ్రేకు

మా మేనత్త డ్రైవింగ్ నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆవిడ బ్రేకు మేడం. కారులో ఆవిడ కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్లు బండిని గోడ మీదికి పోనిచ్చేలోపే ఆవిడ కాలు దాని మీద ఉంటుంది. నోరూ అంతే చురుకు. ఉబ్బసం ముదిరాకే దానికి తాళం పడింది.

రెండు మాటలకే ఊపిరి తెగేది. ఆ సందులో మా నాన్న దూరేవాడు. అక్క మాటలు పూర్తిచేయడం తమ్ముడిగా తన బాధ్యత అనుకునే మనిషి. "నాకు కాస్త..." అని ఆవిడంటే, "పడుకోవాలంటోంది" అనేవాడు. ఆవిడ అడగబోయింది టీ. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఆస్పత్రిలో పడి లేచి వచ్చిన అత్త, భోజనాల దగ్గర నోరు విప్పింది.

"ఒరేయ్, ఆ బండి... నేను..."

"నన్నే నడుపుకోమంటోంది," అని మా నాన్న అత్త కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. అందరూ తలలూపారు. అత్త కళ్లలో నీళ్లు తిరిగితే దగ్గువల్లే అనుకున్నారు, మహానుభావులు.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి కొత్త ఇంజెక్షన్ మొదలుపెడదామంది. నేనూ పక్కనే ఉన్నాను.

"మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారండీ. ఊపిరిగొట్టాల్లో వాపు పుట్టించే సంకేతాన్ని మధ్యలోనే పట్టేస్తుంది. ఆయాసం వచ్చాక వేసుకునేది కాదు, రాకుండా చూసేది. ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు. అందరికీ ఒకేలా పనిచేస్తుందనీ చెప్పలేను."

"అంటే... పక్క సీట్లో..." అని అత్త ఆగింది. డాక్టరమ్మ కూడా ఆగింది. "...బ్రేకన్నమాట."

అలా ఆగినందుకే ఆ డాక్టరమ్మంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

నెలకోసారి ఇంజెక్షన్. మొదట్లో పెద్ద తేడా లేదు. మా నాన్న "నేను చెప్పలేదూ" అన్నట్టు చూసేవాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున అత్త మా మెట్లెక్కి వచ్చి, ఫోన్ ఎత్తలేదని గుమ్మంలోనే నన్ను దులిపేసింది. ఆ తిట్లలో ఎక్కడా ఊపిరి తెగలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం అందరం మళ్లీ భోజనాలకు కూర్చున్నాం. కారుకు రంగు మార్పిస్తానని మా నాన్న ఎత్తుకున్నాడు.

"ఒరేయ్, ఆ బండి..." అంది అత్త.

"బాగుందా అని అడుగుతోం..."

"బ్రేక్!"

ఆ కేకకు ఆయన కుడికాలు బల్ల కింద దబ్బున నేలను తొక్కింది. ఆయనకు డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే.

"ఆ రోజు నేననబోయింది, ఆ బండి నేను కోలుకునేదాకా ఎవరూ ముట్టుకోవద్దని. ఊపిరి అందకపోతే నా మాట నీ సొత్తయిపోతుందా? నా జబ్బు నాది, నా మందు నాది, నా బండీ నాదే. రేపు మళ్లీ ఆయాసం వస్తే రానీ. అప్పుడు కూడా నా మాట అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చో!"

మా నాన్న మొహం కందిపోయింది. "అది కాదక్కా... నేను..." అని నీళ్లు నమిలాడు.

అత్త మా అందరివైపు తిరిగింది.

"తాళాలు ఇచ్చేస్తానంటున్నాడు," అంది, చెయ్యి చాపి.