గుమ్మంలో తెల్లదారం

పని కోసం వలసొచ్చిన ఈ పరాయి ఊళ్ళో, మా ఆవిడది పర్వత్ పాటియాలో ఒక చీరల గోడౌన్లో చెకింగ్ పని. ఒకే రంగనిపించే రెండు చీరలను పక్కపక్కన పరిచి, ఇందులో ఒకటి వేరే షేడ్ అని అవతలకు తోసేస్తుంది. నాకు రెండూ ఒకటే. పదిహేనేళ్ళ కాపురంలో ఈ చాదస్తం గురించి ఆమెను ఏడిపించని రోజు లేదు. ఇప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను.

నాకు దగ్గు పట్టుకుంటే, నేను నడిపే లూమ్‌ల దుమ్మే కదా అనుకున్నాను. టీబీ అని తేలింది. డాక్టరమ్మ యాంటీబయాటిక్ గోళీలిచ్చి చాలా జాగ్రత్తలు చెప్పింది. లూమ్‌ల హోరులో ఇరవై ఏళ్ళు నలిగిన నా చెవులకు రెండే ఎక్కాయి. ఒక్క రోజు కూడా మానకూడదు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకూడదు, అది మందు రంగే.

రెండో నెలలో అన్నం సయించడం మానేసింది. వికారం, నీరసం. మూత్రం నారింజ దాటి డికాషన్ రంగుకొస్తే, మందు బాగా పనిచేస్తోందని సంబరపడ్డాను. నా తెలివి అలా ఏడ్చింది.

ఒక ఉదయం గోళీలు అరచేతిలో పోసుకుని నీళ్ళ గ్లాసు ఎత్తాను. ఆమె నా రెక్క పట్టుకుని, గోడాదరాలోని మా ఒంటిగది గుమ్మంలోకి, వెలుతురులోకి లాక్కొచ్చింది. తెల్లదారం ముక్క తెంపి నా కంటి పక్కన పట్టింది.

"కండ్లు పచ్చబడ్డయి."

"నిన్న బువ్వ తినేటప్పుడు మంచిగనే ఉన్నయంటివి గదనే?"

"ట్యూబ్‌లైట్ కింద షేడ్ తెలుస్తదా? గోడౌన్ల గూడ మాల్ బయటికి తెచ్చే చూస్తం. ముందుగాల గా గోళీలు కింద పెట్టు."

"ఒక్క దినం గూడ మానొద్దన్నది డాక్టరమ్మ. మానితే రోగం మొండికేస్తదట."

"గందుకే ఆమెనే అడుగుదాం, నడువ్. ఆమె మింగుమంటే ఆడనే మింగు."

నేనైతే భయంతో మింగేసేవాణ్ణి, లేదా మొత్తానికే మానేసేవాణ్ణి. ఆమె గోళీలను కొంగుకు ముడేసుకుని, ఆ రోజు పని మానుకుని నా ముందు నడిచింది. అంత నిదానం నాకు ఈ జన్మలో రాదు.

డాక్టరమ్మ నా కనురెప్పలు లాగి చూసి, రక్తం తీయించింది. మందు కాలేయాన్ని దెబ్బతీసింది. ఇలాగే ఇంకొన్నాళ్ళు మింగుతూ పోయుంటే మనిషి దక్కడం కష్టమయ్యేదని చెప్పి, ఎవరు కనిపెట్టారని హిందీలో అడిగింది. నేను మా ఆవిడను చూపించాను. దారం ఇంకా ఆమె వేలికే చుట్టుకుని ఉంది.

గోళీలన్నీ ఆపేశారు. కొన్ని వారాలకు కాలేయం కుదుటపడింది. కానీ ఊపిరితిత్తుల్లో రోగం అలాగే ఉంది కదా, అందుకని ఒక్కొక్క గోళీనే మళ్ళీ మొదలుపెట్టి, ప్రతిసారీ రక్తం చూశారు. ఒకదాన్ని మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. రోజూ తెల్లవారగానే గుమ్మంలో దారం పరీక్ష.

చివరి గోళీ కూడా కలిపి వారమైన ఉదయం, ఆమె చాలాసేపు చూసింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి కన్ను. తర్వాత గోడౌన్లో అన్నట్టే, "పాస్," అంది.

దారం పడేసి, మొహం అటు తిప్పుకుంది. అప్పటికే చూశాను. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రంగు నాక్కూడా తెలిసింది.