బోర్డు లేని గది

మా బావ బోర్డులు రాస్తాడు. మా వీధిలో పళ్ళ డాక్టరు పేరూ, తాళాల దుకాణం పేరూ, ఆఖరికి గోడ మీది ‘ఇక్కడ చెత్త వేయరాదు’ కూడా ఆయన చేతిరాతే. ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. మొన్న కళ్ళద్దాల కొట్టుకి రాసిన బోర్డులో అక్షరాలు మెట్లెక్కుతున్నట్టు పైపైకి పోయాయి. కళ్ళద్దాలవాడు కదా, చూడగానే పట్టేశాడు. చెరిపి మళ్ళీ రాస్తే మళ్ళీ అంతే.

మా అక్క ఈమధ్య అరవడం మానేసింది. నన్ను భయపెట్టింది అదే.

“ఆదివారం నాలుగింటికి ఆ మీటింగుందట. డాక్టరు చీటీ రాసిచ్చాడు. తనంతట తాను వెళ్తే సరి. లేకపోతే నేనూ పిల్లా వేరే ఉంటాం. గది కూడా చూసొచ్చాను,” అంది. ఉత్తినే బెదిరించే మనిషి కాదు మా అక్క.

తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట. మందూ లేదు, సూదీ లేదు. ఈత రానివాళ్ళంతా చేతులు పట్టుకుని ఏరు దాటడం లాంటి ఆ వ్యవహారం నాకేమీ బుర్రకెక్కలేదు. అయినా తోడు వెళ్ళాను.

చీటీలో ఉన్నది గ్రంథాలయం వెనక మూడంతస్తుల మేడ. తలుపుల మీద అంకెలే తప్ప ఒక్క పేరు లేదు.

“ఒక్క బోర్డు లేదేంట్రా? బోర్డు లేని చోటికి జనం ఎలా వస్తారు?” అని బావ నొచ్చుకున్నాడు. తాగుడు కన్నా ఆ సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది.

“నువ్వుండు, నేను అడుగుతా,” అన్నాను. అక్క చెప్పిన ‘తనంతట తాను’ నాకు గుర్తు లేక కాదు. నేను బళ్ళో గుమాస్తాని, కింద కూర్చున్న కాపలా ఆయన మనవరాలు మా బళ్ళోనే చదువుతోంది. బావ నోరు జారితే పోయేది నా పరువని నా బాధ.

“ఏ మీటింగండీ?” అన్నాడు కాపలా ఆయన.

“అదే... కాస్త పెద్దవాళ్ళది,” అని నసిగాను.

మొదటి అంతస్తులో రెండో నంబరు గదికి పంపాడు. అక్కడ పింఛనుదార్లు మమ్మల్ని ఆప్యాయంగా కూర్చోబెట్టి ఫారాలు ఇచ్చారు. బావ ‘పదవీ విరమణ తేదీ’ అన్నచోట ఆగి, నా వంక చూసి, “ఏం రాయమంటావు?” అన్నాడు. బయటపడేసరికి నాలుగుంపావు.

పై అంతస్తులో కుట్టుమిషన్ల చప్పుడు. మెడలో టేపు వేసుకున్న టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఆరోగ్యానికి సంబంధించిన క్లాసండీ,” అన్నాను. ఆవిడ పక్కగది చూపించింది. రెండు నిమిషాల్లో మేమిద్దరం చాపల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాం, ఎవరో ఊపిరి బిగపట్టమంటున్నారు. ఇది ఆ మీటింగో కాదో నాకు తెలియడం లేదు. మాట్లాడుకుంటారన్నారు కదా, ఇక్కడెవరూ నోరు విప్పరే! అడుగుదామంటే ఊపిరి బిగపట్టి ఉన్నానాయె.

బావ లేచి కూర్చున్నాడు. మొహమంతా చెమట. మూడు రోజులుగా చుక్క ముట్టలేదు.

“ఇది కాదురా. పోదాం పద.”

నడవాలోకి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి ఎదురుగా సారా కొట్టు కనబడుతోంది, దానికి మాత్రం నిలువెత్తు బోర్డు. ఈ మెట్లు దిగితే ఆయన ఆగేది అక్కడేనని నాకు తెలుసు. ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యి పట్టుకోనా, కాళ్ళు పట్టుకోనా?

“దొరకలేదా బాబూ? అసలు మీకేం కావాలి?” అంది టీచరమ్మ మళ్ళీ బయటికొచ్చి.

నేను మూడో అబద్ధం వెతుక్కుంటున్నాను. ఈలోగా బావ అన్నాడు: “నేను తాగుతానమ్మా. మానలేకపోతున్నాను. అలాంటోళ్ళు కూర్చునే గది ఎక్కడ?”

గొంతు తగ్గించనైనా లేదు. మిషన్లన్నీ ఆగిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ పళ్ళతో దారం కొరుకుతూనే, “చివరి గది. కుర్చీలు చాలక ప్రతి వారం మా దగ్గరే పట్టుకెళ్తారు. ఈ స్టూలు తీసుకెళ్ళండి,” అంది. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. బావ స్టూలు చంకన పెట్టుకుని, నా వైపు చూడకుండా, నడవా చివరిదాకా వెళ్ళి తలుపు తోశాడు. లోపల ఎవరో జరిగి చోటిచ్చారు.

నేను మెట్ల మీద కూలబడి అక్కకి ఫోను చేశాను.

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు.”

“నువ్వు తోస్తేనా?”

గొప్పలు చెప్పుకోవచ్చు. కానీ నోరు రాలేదు. “కాదక్కా. నేను పరువు పరువని రెండు తప్పు గదుల్లో తిప్పాను. ఆయనే అడిగాడు.”

“ఏమని?”

చెప్పాను. “మళ్ళీ చెప్పు,” అంది. మళ్ళీ చెప్పాను. వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు కంగారు పుట్టింది, మంచి కబురే కదా చెప్పాను!

“పదకొండేళ్ళుగా మానేశా, మానేశా అనే విన్నాన్రా, పిల్ల మీద ఒట్లతో సహా. మానలేకపోతున్నానని ఒక్కసారి కూడా నాతో అనలేదు.”