సగం కళాయి పూసిన చెంచా

మొన్న మా బళ్లో కొత్తగా చేరిన లెక్కల సారు, మధ్యాహ్నం అన్నాల వేళ, నా అరచేతిలో చిన్న ఇనప చెంచా ఒకటి పెట్టి, "ఇదేందో చెప్పండి మేడం" అన్నాడు. చెంచాకు కాడ లేదు, ఒక కొసన మూడు ముళ్ల గాలం వేలాడుతోంది. ఆయనకు చేపల పిచ్చి, సెలవొస్తే చాలు ఏదో ఒక చెరువు గట్టున తేలతాడు. ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. ఎక్కడో చలిదేశంలో చెరువంతా గడ్డకట్టి తెల్లగా పరుచుకుని ఉంది. ఒకాయన ఆ మంచుకు బొక్క పెట్టి, పక్కన స్టూలు వేసుకుని, అలాంటి చెంచానే దారానికి కట్టి లోపలికి వదిలాడు. ఎత్తాడు, వదిలాడు, ఆగాడు, మళ్లీ ఎత్తాడు. సారు నాకు వివరించబోతుంటే, "ఆయన దారం మరీ బిగపట్టాడు చూడండి, అట్లయితే చెంచా తిరగదు, నిలువునా పడిపోతుంది" అన్నాను. సారు నోరు తెరుచుకుని చూశాడు. తెలుగు పాఠాలు చెప్పే పంతులమ్మకు ఈ గోలంతా ఎక్కడిది అనుకుని ఉంటాడు పాపం.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. కళాయి పోసే ఇల్లు మాది. అల్లాకు చేసే దువా అరబ్బీలో, తిట్లు తెలుగులో, మిగతా బతుకంతా కూడా తెలుగులోనే. పొద్దున లేస్తే తిత్తి బుసబుసలు, ఎర్రగా కాలిన ఇత్తడి గుండిగలు, నవసాగరం పొడి చల్లగానే గుప్పుమని లేచే తెల్లటి పొగ, ఆ పొగకు కారే కళ్లు, ముక్కు. తగరం ముక్క కరిగి గిన్నెలో పాదరసంలా పరుగెత్తుతుంటే తాత దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేవాడు, గిన్నె లోపలంతా అద్దమైపోయేది. స్టీలు గిన్నెలు వచ్చాక ఊళ్లో పని తగ్గింది. నాయన బట్టీ సామాను మూట కట్టుకుని భద్రాచలంలో హోటళ్ల గుండిగలకు కళాయి పోయడానికి పోయి, నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో నేను, అమ్మ, తాత. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి తాతకు వంటా వచ్చు, జడ వేయడమూ వచ్చు, జడ మాత్రం చెవి దగ్గర మొదలై ఎటో పోయేది.

మాకు మంచు ఎక్కడిది? మాకు గుర్రపు డెక్క ఉండేది. అడవి అంచున ఉన్న మా చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆ ఆకు ఎంత దట్టంగా అల్లుకునేదంటే, కొంగలు దాని మీద షికార్లు చేసేవి. వల వేయడానికి లేదు, మామూలు గాలం వేయడానికీ లేదు. తాత ముందురోజే తాటి మొద్దు తొలిచి చేసిన దోనెలో పోయి, గడకు కట్టిన కొడవలితో ఆ ఆకును బండిచక్రమంత మేర కోసి, నీళ్లు కనిపించేలా చేసి వచ్చేవాడు. దాన్ని కిటికీ అనేవాడు. తెల్లారి పోయి ఆ కిటికీ పక్కన దోనె ఆపుకుని, నిలువునా కిందికి చెంచా దించేవాళ్లం.

ఆ చెంచాలు తాత చేతి పని. విరిగిన ఇత్తడి చెంచా కాడ తెంపి, రెండు కొసలకూ బెజ్జం వేసి, కొంచెం వంపు తిప్పేవాడు. కళాయి మాత్రం లోపలి వైపే పూసేవాడు. బయటి వైపు పచ్చటి ఇత్తడి అలాగే ఉండాలి. నీళ్లలో జారుతూ తిరిగినప్పుడు ఒకసారి తెలుపు, ఒకసారి పసుపు, జబ్బు చేసిన చేపపిల్ల పక్కకు ఒరిగినట్టు మెరిసేది. చెంచా మొత్తం ధగధగలాడాలని నేనొకసారి తాత చూడకుండా రెండు వైపులా పూశాను. వారం రోజులు ఒక్క చేప కూడా దాని మొహం చూడలేదు. "పెండ్లికి పోతున్నదా అది?" అని తాత పడీపడీ నవ్వాడు.

చెంచా అడుగు బురదను తాకే దాకా దించాలి. రెండుసార్లు నెమ్మదిగా బురద మీద తట్టాలి, కొంచెం మసక లేవాలి. తర్వాత మూరెడు పైకి లాగి వదలాలి. వదలడంలోనే ఉంది విద్యంతా. దారం బిగిస్తే చెంచా తిరగదు, మరీ వదిలేస్తే చేప పట్టినా మనకు తెలియదు, పడుతున్న చెంచా వెనకే చెయ్యి కూడా దిగాలి. ఆ తర్వాత ఆగాలి. కదిలేటప్పుడు చేప చూస్తుందట, ఆగినప్పుడే నోరు తెరుస్తుందట. కాలిన తగరానికి తాత వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి, అందుకని దారాన్ని మణికట్టు లోపలి మెత్తటి తోలు మీదుగా పోనిచ్చి కళ్లు మూసుకునేవాడు. నాకు ఆగడం చేతయ్యేది కాదు. పది లెక్కపెట్టమంటే నాలుగుకే లాగేదాన్ని. "గట్ల ఉరుకులాడితే చేపకు కాదు, నీకే చక్కరొస్తది" అనేవాడు.

మృగశిర కార్తె నాడు మా వైపు ప్రతి ఇంట్లో చేపల పులుసు కాగాల్సిందే, తిననివాళ్లు ఇంగువా బెల్లమూ కలిపి ఉండ చేసుకుని మింగుతారు. తాత ఆ పూటకు కొర్రమట్టలు పట్టి, మర్నాడే చెంచాలు కడిగి మేకుకు తగిలించేవాడు. ఇక వానలు ముదిరే దాకా వాటిని ముట్టుకోకూడదు. ఎందుకంటే అప్పుడే కొర్రమట్ట పిల్లలు పైకొస్తాయి. వందలకు వందలు, ఎర్రగా, నీటి మీద కారం చల్లినట్టు గుంపుగా తిరుగుతుంటాయి. వాటి కిందే కన్న పెద్దచేపలు రెండూ కాపలా.

"ఇప్పుడు అవి తిండి తినవు" అని తాత చెప్పాడు. "చెంచా ఏస్తే ఆకలికి పట్టవు, పిల్లల మీదికి వచ్చిందని కోపానికి పట్టుకుంటయి. కోపాన్ని పట్టుకునుడు కూడా ఒక పట్టుడేనా?"

నాకు పదేళ్లప్పుడు, మృగశిర వెళ్లిన వారానికి, అమ్మ దవాఖానా నుంచి ఇంటికొచ్చింది. కడుపు కోసి తీశారు, తమ్ముడు ఊపిరి లేకుండానే పుట్టాడు. ఉత్త చేతులతో వచ్చిన అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నాయన నాలుగు రోజులుండి మళ్లీ పనికి పోయాడు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. గంజి నోట్లో పోస్తే పక్క నుంచి కారిపోయేది. కుట్లు మానడం లేదు, ఒళ్లు కాలుతోంది. పక్క గూడెం నుంచి కోయ సోమక్క వచ్చి అమ్మ చెయ్యి పట్టుకు చూసి, తాతను వాకిట్లోకి పిలిచి, "కొర్రమట్ట పులుసు పడాలె మామా, లేకుంటే మనిషి నిలవది" అంది. నేను తలుపు చాటున విన్నాను. అమ్మ చచ్చిపోతుందని నాకు అర్థమైంది.

తాత చెరువుకు పోలేదు, వాగుకు పోయాడు. నాలుగు రోజులు వానలో తడిసి చేతికి చిక్కిన వేలెడంత బుడ్డపరకలతో వచ్చాడు. అమ్మ వాటిని చూడనైనా చూడలేదు. చెరువులో కొర్రమట్ట ఎక్కడుందో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. తూము దగ్గరి కిటికీలో ఎర్ర పిల్లలు కనబడుతూనే ఉన్నాయి. అయిదో రోజు ఆయన వాగుకు పోగానే మేకు మీది చెంచా తీసుకుని నేను దోనె ఎక్కాను.

నేర్చుకున్న విద్య ఒక్కటీ అక్కర్లేకపోయింది. బురద తాకించలేదు, ఎత్తి వదల్లేదు, పది లెక్కపెట్టలేదు. ఎర్ర గుంపు మధ్యన చెంచా నీళ్లను తాకిందో లేదో, కింద నుంచి నల్లగా ఒకటి లేచి గట్టిగా కొట్టింది. చెయ్యి కోసుకుపోయింది, అయినా వదల్లేదు. దోనెలోకి లాగి, మీద కూర్చుని దాన్ని అదిమిపెట్టాను. గెలిచానని అరవబోయి నీళ్లలోకి చూశాను. పిల్లలన్నీ దోనె అంచుకు వచ్చి, చేప వెళ్లిన చోటే గిరగిరా తిరుగుతున్నాయి. అయ్యో అనిపించింది, కానీ వెనక్కి వేయలేదు. వేయను కూడా. మా అమ్మ అక్కడ పడుకుని ఉంది.

తాత ఇంటికొచ్చి గంపలో చేపను చూశాడు. నేను వాగులో దొరికిందన్నాను. ఆయన కత్తిపీట ముందు కూర్చుని పొట్ట చీల్చాడు. లోపల పేగు ఉత్తదిగా, శుభ్రంగా ఉంది. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత మామూలుగానే ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రుద్ది, చింతపండు పిండి, పులుసు పెట్టి, గిన్నె తీసుకుపోయి అమ్మ పక్కన కూర్చున్నాడు. "వాగుల దొరికింది బిడ్డా, నేనే పట్టిన, తిను" అన్నాడు. అబద్ధమంటే వాత పెట్టే మనిషి. అమ్మ చాలాసేపు ఆ ముక్కను చూసి, లేచి కూర్చుని తింది.

మర్నాడు తాత నన్ను బడికి పోనివ్వలేదు. దోనెలో ఎక్కించుకుని తూము కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. రెండో పెద్దచేప జాడ లేదు, బెదిరి పోయినట్టుంది. నీటికాకి ఒకటి అప్పటికే వాలి ఉంది, గుంపు సగం అయింది. తాత గడతో దాన్ని తరిమి, చుట్టూ ఉన్న ఆకును లాగి కిటికీని సగం మూశాడు.

"తినుడైతే తిన్నం. ఇగ వీటిని కాసుడు మన పనే" అన్నాడు.

పన్నెండు రోజులు కాశాం. ముసురులో గోనెసంచి కప్పుకుని, సోమక్క అడవి నుంచి తెచ్చిచ్చిన చీమల గుడ్లు చిటికెడు చిటికెడు చల్లుతూ, కొంగనూ కాకినీ నీటిపామునూ అదిలిస్తూ. ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టకపోవడం భరించలేకపోయాను.

"తాతా, నన్ను కొట్టు" అని ఏడ్చాను.

"కొడ్తే నీకు హాయిగుంటది. కూసో" అన్నాడు.

పన్నెండో రోజుకు పుడిసెడు మిగిలాయి. ఎరుపు పోయి ఒంటి మీద నల్లచార వచ్చింది, ఒక్కొక్కటే ఆకు కిందికి జారుకున్నాయి. ఎన్ని బతికాయో తెలియదు. అమ్మ మాత్రం లేచి తిరిగింది. తాత ఆ తర్వాత చెంచా చేయలేదు, ఎందుకని నేనూ అడగలేదు.

ఇప్పుడా చెరువులో గుర్రపు డెక్క లేదు, మిషన్లు పెట్టి తీసేశారు, గట్టు మీద సిమెంటు బెంచీలు వేశారు. తాటి దోనె ఎలా ఉంటుందో మా బడి పిల్లలకు బొమ్మ వేసి చూపించాల్సి వస్తోంది. కొర్రమట్టల్ని సిమెంటు తొట్లలో గుళికలు వేసి పెంచుతున్నారు, మృగశిరకు ఎన్ని కావాలంటే అన్ని. కళాయి పోసే మనిషి మా వైపు ఒక్కడూ లేడు.

లెక్కల సారు చెంచా చూపించిన ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ గోంగూర వలుస్తూ కూర్చుంది. పక్కన కూర్చుని ఇన్నేళ్లకు చెప్పాను, ఆ చేప తాత పట్టలేదమ్మా, నేనే పట్టాను, పిల్లల మీద నుంచి పట్టాను అని.

"ఎరుకే" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా. "ఆ చేపకు కండ లేక బొక్కలు తేలి ఉండె. పిల్లల్ని కాసేదే గంత బక్కగ ఉంటది. వాగు చేప గట్లుంటదా?"

"తెలిసీ ఎట్లా తిన్నవే?"

ఆమె చేతులు ఆగాయి.

"కడుపుల బిడ్డ పోయినంక నాకు బతకాలని ఉండొద్దు కదా" అంది. "కానీ ఉండె. ఆ పులుసు వాసనకు ఆకలైంది. ఆ తల్లిని తింటున్ననని ఎరుకై, సిగ్గుపడుకుంటనే తిన్న."

మళ్లీ గోంగూర అందుకుంది. నేనూ ఒక కట్ట తీసుకుని పక్కన కూర్చుని వలిచాను.