యూనుస్ కంబళిలో మూడు మైళ్లు

నన్ను మొదటిసారి జమ్మలమడుగుకు తీసుకొచ్చింది యూనుస్ బండి. అప్పటికి నా వయసు పన్నెండు రోజులు. నాకేమీ గుర్తులేదని వేరే చెప్పనక్కర్లేదు. అయినా మా అవ్వ సీతమ్మ ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందంటే, నేనే దగ్గరుండి చూశానేమో అనిపిస్తుంది. చెప్పిన ప్రతిసారీ ముందు తన తప్పుతోనే మొదలుపెట్టేది. తప్పు ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. అందుకే ఆ కథలో అబద్ధం ఉండదని నా నమ్మకం.

యూనుస్‌ది ప్రొద్దుటూరు. ఒక గూడుబండి, రెండు తెల్ల ఎద్దులు, ఒక నల్ల కంబళి, అంతే అతని ఆస్తి. బస్సులు తిరుగుతున్న రోజులే అయినా బాలింతలూ ముసలివాళ్లూ జ్వరం మనుషులూ అతని బండినే అడిగేవారు. కుదుపు లేకుండా తోలేవాడు. అతనితో వచ్చిన చిక్కల్లా నోరే. బండి కదిలింది మొదలు వెనక్కి తిరగకుండా ఒకటే ప్రశ్నలు. చేలో శెనక్కాయ ఎట్లుండాది, అల్లుడు యాడ పని చేస్తాండాడు, నిన్న మీ ఇంట్లో ఏం కూర. జవాబు రాకపోతే రెండోసారి అడిగేవాడు, మూడోసారీ అడిగేవాడు. "వాని బండెక్కితే ఒళ్లు నొయ్యదప్పా, చెవులు నొస్తాయి" అని జనం నవ్వుకునేవారు. మా తాత జగన్నాథం తాలూకా ఆఫీసులో గుమాస్తా. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన యూనుస్‌ను భరించింది ఆ ఎద్దుల నడక చూసే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది, డిసెంబరు నెల. మా అమ్మ రాధమ్మకు కాన్పు కష్టమైతే ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారు. నేను పుట్టాను, పదకొండో రోజు పురుడు స్నానం అయింది. పన్నెండో రోజు తెల్లవారకముందే బయలుదేరితే మంచిదని తాత పంచాంగం చూసి చెప్పాడు. ఇల్లు సిద్ధం చేయడానికి తను ముందురోజే బస్సులో వెళ్లిపోయాడు. పంచాంగంలో ముసురు గురించి ఏమీ లేదు కాబోలు. మూడు రోజులుగా సన్నగా వాన, పైన ధనుర్మాసపు చలి, కత్తితో కోసినట్టు గాలి.

బాలింతకు గాలి సోకకూడదని అవ్వకు పట్టింపు. అమ్మ చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ కట్టింది, నన్ను పాత పంచెలో చుట్టింది. అంతటితో ఆగిందా? ఆగితే మా అవ్వ ఎలా అవుతుంది. పొగ పోయేదాకా బయట రాజేసిన బొగ్గుల కుంపటిని యూనుస్ ఎద్దుల్ని కడుతుండగా అతను చూడకుండా బండిలోకి చేర్చి, నాపరాయి పలక మీద పెట్టింది. గూడుకు ముందూ వెనకా తెరల్లా వేలాడే పట్టాలు దించి, తాళ్లు లోపల్నుంచి ముడివేసింది.

"అమ్మా, లోపల నిప్పేం పెట్టుకోలేదు గదా?" అని యూనుస్ అడిగాడు.

"లేదు నాయనా, పోనీ."

బండిలో పరిచిన గడ్డి అంటుకుంటుందని భయపడుతున్నాడు, నేను జాగ్రత్తగానే పెట్టాను కదా అనుకుందట అవ్వ. పొగే లేని బొగ్గుతో ప్రమాదం ఏముంటుందని ఆమె లెక్క. రోజూ మడి కట్టుకునే మనిషి ఆ రోజు నోరారా అబద్ధమాడింది.

ఊరు దాటారు. యూనుస్ ప్రశ్నలు మొదలయ్యాయి. అవ్వ మొదట బాగానే జవాబిచ్చింది. కాసేపటికి తల బరువెక్కింది. చలికి ముడుచుకున్న ఒళ్లు వెచ్చబడి నిద్ర వస్తోంది కాబోలు అనుకుంది. జవాబులు పొట్టివయ్యాయి, తర్వాత ఊఁ కొట్టడమే మిగిలింది, చివరికి అదీ పోయింది.

"అమ్మా, బిడ్డ పాలు తాగుతాండాదా?" అన్నాడు యూనుస్. పలకలేదు. మళ్లీ అడిగాడు. మూడోసారి బండి ఆపి అడిగాడు. లోపల చడీచప్పుడూ లేదు.

లోపల ఉన్నది బ్రాహ్మణ బాలింత. బయట ఉన్నది పరాయి మగవాడు, పైగా తురక. పట్టా ముట్టుకుంటే రేపు ఎవరేమంటారో అతనికి తెలుసు. తెలిసే కొడవలి తీసి తాళ్లు కోశాడు. కుంపటిని గోనెపట్టతో పట్టి గుంతలోకి విసిరాడు. అమ్మను దింపి బండి చక్రానికి ఆనించాడు. అవ్వను భుజాలు పట్టి లాగాడు. అవ్వకు ఆ మైకంలోనూ మడి గుర్తుకొచ్చి "ముట్టుకోవద్దు" అనబోయింది, అనలేక వాంతి చేసుకుంది. నేను ఏడవలేదు, కదల్లేదు.

యూనుస్ నన్ను తీసుకుని అరికాళ్లు రుద్దాడు, ముఖం మీద ఊదాడు. ఎంతసేపో అవ్వ చెప్పలేకపోయేది. చివరికి నేను సన్నగా మూలిగి, తర్వాత ఏడ్చాను.

గండం సగమే గడిచింది. మైకం వదలాలంటే గాలి ఆడాలి కాబట్టి పట్టాలు మూయడానికి లేదు, తెరిచి ఉంచితే తడిగాలి. అమ్మ చేతుల్లో నన్ను ఎత్తుకునే సత్తువ లేదు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ముందున్న పల్లె మూడు మైళ్లు.

"అమ్మా, బిడ్డను నా ఒంటికి ఆనించుకుంటా. వేరే దారి లేదు. నువ్వు వద్దంటే ముట్టను" అన్నాడు యూనుస్.

అవ్వ అమ్మ వైపు చూసింది. అమ్మ తలూపింది.

అతను తడి చొక్కా విప్పేశాడు. నాకు చుట్టిన పంచె తీసి నన్ను తన ఛాతీకి హత్తుకున్నాడు. నా ముక్కు గాలికి తెరిచి ఉండేట్టు గొంతు దగ్గర సందు వదిలి, కంబళి కప్పి ముడివేశాడు. ఆడవాళ్లిద్దరికీ గడ్డి మందంగా కప్పి, పైన గోనెలు వేశాడు. తను మాత్రం బండెక్కలేదు.

"కూసుంటే నా ఒళ్లు సల్లబడ్తాది. నడిస్తే బిడ్డకు వేడి తగుల్తాది" అని ఎద్దుల పక్కన బురదలో నడిచాడు.

నడుస్తూ వాళ్లిద్దరినీ పలకరిస్తూనే ఉన్నాడు. నిప్పు సంగతి నీకెట్లా తెలిసిందని అవ్వ అడిగింది.

"మా అన్న పోయినాడమ్మా. ముద్దనూరు కాడ బండ్లు దింపుకొని, గుడిసె తలుపేసి బొగ్గులు పెట్టుకొని పండుకున్న్యాడు. పొగ లేదులే అనుకున్న్యాడు. నేను బయట ఎద్దుల కాడ ఉండా. పొద్దున పిలిస్తే పలకల్యా. అప్పట్నుంచి నా బండ్లో ఎవరన్నా పలక్కపోతే నాకు భయం."

పల్లె చేరాక గాలికి అడ్డంగా ఉన్న రాతిగోడ చాటున కందికంపతో మంట వేశాడు. నాపరాళ్లు కాచి, గోనెగుడ్డల్లో చుట్టి ఇద్దరి పాదాల దగ్గరా పెట్టాడు. "నిప్పు బయట ఉండాల, వేడి లోపలికి రావల్ల" అన్నాడు. అమ్మ తేరుకుని నాకు పాలిచ్చింది. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అంతా ఆ మనిషి చలవే. అతని రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని నాకు లేదు కూడా.

జమ్మలమడుగు చేరేసరికి బాగా పొద్దెక్కింది. తాత వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. పెరట్లో నీళ్లు కాగుతున్నాయి. అవ్వ బండి దిగకముందే జరిగిందంతా చెప్పింది.

"ముందు బిడ్డకు నీళ్లు పోయండి" అన్నాడు తాత.

పసిబిడ్డకు రోజూ పోసే నీళ్లే. కానీ ఆ మాట ఎందుకొచ్చిందో అవ్వకు తెలుసు. వీధిలో ఒంటి మీద చొక్కా లేకుండా వణుకుతున్న యూనుస్‌కూ తెలుసు. అతను తల దించుకుని ఎద్దుల్ని సర్దుతున్నాడు.

"ఇవాళ పొయ్యను" అంది అవ్వ.

"సీతా."

"ఆయప్ప ఒంటి వేడి ఇంకా దీని ఒంటి మీదే ఉంది. దాన్ని కడిగెయ్యమంటారా?"

తాత పెరట్లోకి వెళ్లాడు. కాగిన నీళ్లు బిందెలో తెచ్చి, వీధిలోకి దిగి వంగాడు. "వద్దు సామీ" అని యూనుస్ వెనక్కి జరుగుతున్నా వినకుండా, బురదతో కొయ్యబారిన అతని కాళ్ల మీద తన చేత్తో పోశాడు.