చెయ్యెత్తి ఆపిన చోటు

కామత్‌ఘర్‌లో మా గల్లీ పెద్దబాపు పోయిన వారం చనిపోయారు. ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. శుక్రవారాలు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టుకుని మా రాతలు విన్న గదిలో వచ్చే నెల నుంచి నూలు బస్తాలు వేస్తానని కార్ఖానా సేఠ్ చెప్పాడు. వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారని తెలిస్తే ఆగుతానన్నాడు. రెండో కారణం నాది. రెండేళ్ల కిందట ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయినదాన్ని నేనే.

పెద్దబాపు మా నాన్నతో ఒకే కార్ఖానాలో కరెంటు మగ్గాలు, మా మాటలో సాంచాలు, నడిపారు. ఆ చప్పుడుకు ఆయన చెవులు పోయాయి. మన పెదాలు చూస్తూ వినేవారు, అయినా అరిచి చెప్పాల్సిందే. చదువు రాదు. వయసులో ఉండగా ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలను ఇంకొకరితో చదివించుకున్న మనిషి. చదివేవాడు ఏ కబురు దాచాడో, ఏ మాట తన సొంతంగా కలిపాడో ముఖం చూసి పట్టేసేవాడినని చెప్పేవారు. ఆ అలవాటే మాకు బడి అయింది.

శుక్రవారం సాంచాలు బందు. గల్లీ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మాలో ఒకరం నిలబడి, రాసింది అరుస్తూ చదివేవాళ్లం. ఆయనకు వినపడేలా చదివితే నల్లా దగ్గరి ఆడవాళ్లకూ వినపడేది. నమ్మకం కుదరని వాక్యం దగ్గర ఆయన చెయ్యి పైకెత్తేవారు, దారం తెగింది, సాంచా ఆపమని దూరంగా ఉన్నవాడికి సైగ చేసినట్టు. ఏం తెగిందో చెప్పేవారు కాదు. మేమే వెతుక్కోవాలి. ఎవరైనా "బాగున్నది" అంటే "ఏడ?" అని అడిగేవారు. చెప్పలేనివాళ్లు అందరికీ ఛాయ్ తేవాలి. మొదటి నెలంతా ఛాయ్ తెచ్చింది నేనే.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. అమ్మ గురించి రాసిన రోజు చాలా గర్వంగా నిలబడ్డాను. "మా అమ్మ చిరునవ్వుతో కండెలు చుట్టేది" అన్న చోట పెద్దబాపు చెయ్యెత్తారు. వినపడలేదనుకుని మళ్లీ చదివాను. చెయ్యి దిగలేదు. ఇంకా గట్టిగా, గొంతు చీలేలా అరిచాను.

"ఇనవడ్డది బిడ్డా," అన్నారాయన. "నీకే ఇనవడలే."

పక్కనున్నవాళ్లు నవ్వారు. అక్షరం రాని మనిషి నా వాక్యం ఆపడమేమిటనుకున్నాను. కాగితాలు మడిచి బయటికి వచ్చేశాను. నల్లా దగ్గర నిండిన బిందె పక్కన అమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి బిందె ఎత్తుకుంది.

తర్వాత శాంతి నగర్ వైపు ఇంకో రచయితల బృందంలో చేరాను. వాళ్లు మంచివాళ్లే, ఆ మాట దాచను. ఏది పంపినా పది నిమిషాల్లో ఫోన్ నిండా చప్పట్ల బొమ్మలు. నేనూ అందరికీ అవే పంపేదాన్ని. ఒకసారి శాలువా కూడా కప్పారు. రెండేళ్లలో నా రాతను ఒక్కరూ ఆపలేదు, నేనూ ఎవరినీ ఆపలేదు. బాగా రాస్తున్నాననే అనుకున్నాను.

శాలువా వచ్చిన రచనను ఇంట్లో అమ్మకు చదివి వినిపించాను. అదీ అమ్మ గురించే. అందులోనూ ఆమె నవ్వుతూనే ఉంది. అమ్మ కండె చుట్టడం ఆపి చివరిదాకా విన్నది.

"మంచిగున్నది. ఎవలమ్మ గీమె?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఆమె వేళ్ల మీద దారం కోసిన గీతలు అప్పుడే చూసినట్టు చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. ఒక్క వాక్యంలోనూ లేవు.

వచ్చే శుక్రవారం పెద్దబాపు దగ్గరికి వెళ్దామనుకున్నాను. సిగ్గేసి వెళ్లలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ వెళ్లలేదు. ఒకరోజు షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్నారు. నా వైపు చూసి, "రాస్తున్నవా?" అని పెదాలు కదిపారు, గొంతు లేకుండా, సాంచాల మధ్య మాట్లాడుకున్నట్టు. తల ఊపాను. కామత్‌ఘర్ రాగానే దిగిపోయారు. నేను కావాలనే తర్వాతి చోట దిగాను. ఒకే గల్లీలో ఉండి కూడా, చావు కబురు నాకు ఆ చప్పట్ల బృందంలోనే వచ్చింది. దాని కింద వరసగా దండం బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను.

మొన్న శుక్రవారం ఆ గదికి వెళ్లాను. మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకరు చదివారు. అలవాటు కొద్దీ అరుస్తూనే చదివారు, పెద్దబాపు కూర్చునే స్టూలు ఖాళీగా ఉంటే దాని వైపే చూస్తూ. నడుమ ఒక వాక్యం అబద్ధమని నాకు తెలిసింది. చెయ్యెత్తలేకపోయాను. అప్పటి నుంచి అదే మనసును తొలుస్తోంది. చదువున్న నాకు రానిది ఆయనకు ఎలా వచ్చింది?

ఈ రాతను కూడా ఆ స్టూలు ముందు నిలబడి చదివాను. మొదట "ఆయన నన్ను క్షమించే ఉంటారు" అని ఒక వాక్యం ఉండేది. దాన్ని అరిచి చదవలేకపోయాను. కొట్టేశాను.

మీలో రాసేవాళ్లుంటే, ఆ గదికి రాగలిగితే, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నాకు ఒక చీటీ పంపండి. వస్తామని రాస్తే సేఠ్‌కు చూపిస్తాను. బాగుందని మాత్రం రాయకండి. ఇది చదువుతుండగా మీ చెయ్యి ఏ వాక్యం దగ్గర లేచిందో, ఆ వాక్యం రాసి పంపండి.